కొత్తగా డోటా 2 మొదలుపెట్టేవాళ్లకు: ఆట భేష్, పాఠాలే అరకొర

ఐదుగురు చొప్పున రెండు జట్లు తలపడే ఆన్‌లైన్ కంప్యూటర్ ఆట డోటా 2. వాల్వ్ సంస్థ దీన్ని అధికారికంగా విడుదల చేసింది 2013 జులైలో. ఇన్నేళ్లయినా దాని గురించి కొత్తవాళ్లు అడిగే ప్రశ్న మారలేదు: ఇప్పుడు మొదలుపెడితే అబ్బుతుందా? అబ్బుతుంది. నేర్చుకోవడానికి కావలసిన సరంజామా దాదాపు అంతా ఆటలోనే ఉంది. ఏది ముందు, ఏది వెనక అన్న వరుస మాత్రం ఆట ఎక్కడా చెప్పదు. పోటీ ఆటగా డోటా గొప్పదా కాదా అన్నది ఎప్పుడో తేలిపోయిన విషయం కాబట్టి దాని జోలికి పోవడం లేదు. నేర్చుకునేవాళ్లకు వాల్వ్ ఇచ్చిన వసతులు ఎంతవరకు పనికొస్తాయి, ఎక్కడ చేతులెత్తేస్తాయి అన్నదే ఈ రివ్యూ.

ముందు ఖర్చు సంగతి. వాల్వ్ ఆటల దుకాణం స్టీమ్‌లో ఉచితం, అదీ నిజంగానే ఉచితం. 125కి పైగా ఉన్న హీరోల్లో (మీరు నడిపే పాత్రలు) ఎవరినీ కొనక్కర్లేదు, ఆడి ‘అన్‌లాక్’ చేసుకోవాల్సిన పనీ లేదు. డబ్బు పెట్టి కొనేవన్నీ వేషాలు, హంగులు. వాటివల్ల దెబ్బ ఒక్క పాయింట్ కూడా పెరగదు. నెలవారీ చందా అయిన డోటా ప్లస్ కొంచెం తేడా, దాని గురించి చివర్లో.

60 జీబీ ఖాళీ చోటు కావాలి. 4 జీబీ ర్యామ్ చాలని స్టీమ్ పేజీలో రాసి ఉంటుంది, కానీ వెనక బ్రౌజర్, డిస్కార్డ్ తెరిచి ఉంచే అలవాటుంటే 8 జీబీ లేకుండా దిగొద్దు. ఎస్‌ఎస్‌డీ ఉంటే లోడింగ్‌లో ఇబ్బంది ఉండదు. పాత హార్డ్ డిస్క్ అయితే మిగతా తొమ్మిది మందీ మీకోసం ఎదురుచూస్తూ కూర్చోవాల్సి వస్తుంది. ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్‌తో ఈ ఆట సాధ్యం కాదు, మామూలు మౌస్ అయినా తప్పనిసరి.

కరెంటు గురించి ఇంకో మాట. మ్యాచ్ మధ్యలో కనెక్షన్ తెగి 5 నిమిషాల్లోగా తిరిగి రాకపోతే ఆట వదిలేసినట్టు లెక్క. అలా రెండు మూడుసార్లు జరిగితే ‘లో ప్రయారిటీ’లో పడతారు. అక్కడ నిర్ణీత సంఖ్యలో మ్యాచ్‌లు గెలిస్తే గానీ మామూలు ఆటలోకి రానివ్వరు. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా రౌటర్, ఫైబర్ బాక్స్ దానికి కలిపారో లేదో చూసుకోండి. డెస్క్‌టాప్‌కు బ్యాకప్ ఉండి రౌటర్‌కు లేకపోవడం మామూలుగా జరిగే పొరపాటు.

సర్వర్ల ఎంపిక మనవాళ్లకు కొంచెం తిరకాసు. ఇండియా సర్వర్ ఉంది. హైదరాబాద్, విజయవాడ, విశాఖ నుంచి పింగ్ (సర్వర్‌కు సంకేతం వెళ్లి వచ్చే సమయం) బాగానే ఉంటుంది. కానీ ఆడేవాళ్లు తక్కువ. పగటిపూట, అర్ధరాత్రి దాటాక మ్యాచ్ దొరకడం ఆలస్యమవుతుంది, దొరికినా మీ స్థాయికి సరిపోని వాళ్లు ఎదురవుతారు. అందుకే చాలామంది ఆగ్నేయాసియా సర్వర్‌ను కూడా టిక్ చేస్తారు. అక్కడ జనం ఎక్కువ, పింగూ ఎక్కువే. మైక్‌లో వినిపించేది ఇంగ్లిష్‌తో పాటు టగలాగ్, మలయ్. మొదటి నెల సాయంత్రం వేళ ఇండియా సర్వర్ ఒక్కటే పెట్టుకోవడం మేలు, ఎందుకంటే లాస్ట్ హిట్ (చివరి దెబ్బ మీదే పడేలా కొట్టడం) నేర్చుకునే దశలో పింగ్ స్థిరంగా ఉండటం అన్నిటికన్నా ముఖ్యం. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు దుబాయ్ సర్వర్, అమెరికాలో ఉన్నవాళ్లకు తూర్పు, పశ్చిమ సర్వర్లు వేరే ఉన్నాయి.

తెలుగు ఇంటర్‌ఫేస్ లేదు, హిందీ కూడా లేదు. ఇంగ్లిష్ వర్ణనలు చదవక తప్పదు. దీనికి చిన్న ఊరట ‘చాట్ వీల్’. అందులోని సిద్ధ వాక్యాన్ని నొక్కితే ఎదుటివాడి కంప్యూటర్‌లో ఆట ఏ భాషలో ఉంటే ఆ భాషలో కనిపిస్తుంది. ఆల్ట్ పట్టుకుని మీ స్పెల్ (హీరో ప్రత్యేక శక్తి) మీద క్లిక్ చేస్తే అది సిద్ధంగా ఉందా, ఇంకా ఎన్ని సెకన్లు పడుతుందా అన్నది జట్టుకు దానంతటదే తెలుస్తుంది. ఈ రెండూ వాడితే మైక్ లేకుండానే నెట్టుకురావచ్చు.

ఇక ఆట స్వరూపం. ఒక వైపు రేడియంట్, మరో వైపు డైర్, ఐదుగురు చొప్పున. మూడు లేన్లు (దారులు), ఒక్కో లేన్‌లో మూడు టవర్లు, లోపల ప్రధాన కట్టడమైన ఏన్షెంట్ దగ్గర ఇంకో రెండు, ఒక్కో వైపు వెరసి 11. ప్రతి 30 సెకన్లకు రెండు వైపుల నుంచీ క్రీప్స్ (వాటంతటవే నడిచే చిన్న సైనికులు) బయల్దేరతాయి. ఎదుటివాళ్ల ఏన్షెంట్ కూలితే గెలిచినట్టు. కిల్స్ సంఖ్య గెలుపు లెక్కలోకి రాదు. కిల్స్‌లో బాగా వెనకబడిన జట్టు గెలవడం రోజూ జరిగేదే. కొత్తవాళ్లు స్కోర్‌బోర్డు చూసి ‘పోయాం’ అని చేతులు దించేయడం కూడా రోజూ జరిగేదే.

జట్టులో ఐదు పొజిషన్లు: 1 క్యారీ (ఆట చివర్లో జట్టును మోసేవాడు), 2 మిడ్ (మధ్య లేన్), 3 ఆఫ్‌లేన్ (ఎదుటి క్యారీ ఉండే లేన్), 4, 5 సపోర్టులు (మిగతావాళ్లకు తోడు నిలిచేవాళ్లు). ఈ అంకెలు మ్యాప్ మీది గోల్డ్ (ఆటలో వస్తువులు కొనే డబ్బు) ఎవరికి ముందు దక్కాలో చెప్పే వరుస. కాలువ నీళ్ల పంపకంలాగే: 1 తూము పక్క పొలం, 5 చివరి ఆయకట్టు. చివరి ఆయకట్టుకు నీళ్లు రాలేదని 5వ పొజిషన్ వాడు పైకి వచ్చి క్యారీ క్రీప్స్ కొట్టుకోవడం మొదలెడితే మొత్తం పంట పోతుంది. ఈ ముక్క ట్యుటోరియల్ ఎక్కడా గట్టిగా చెప్పదు.

ట్యుటోరియల్‌కు పదికి మూడు. నడవడం, కొట్టడం, వస్తువు కొనడం, స్పెల్ వేయడం దాకా బాగానే చూపిస్తుంది. ఆ తర్వాత ఏ నిమిషంలో ఏం చేయాలన్న ఆలోచన నేర్పదు. అయినా ఒకసారి పూర్తి చేయండి, గంట కూడా పట్టదు.

కంప్యూటరే నడిపే ఆటగాళ్లతో ఆడే బాట్ మ్యాచ్‌లకు పదికి ఆరు. పాసివ్, ఈజీ, మీడియం, హార్డ్, అన్‌ఫెయిర్ అని ఐదు స్థాయిలు. ఈజీలో మొదలుపెట్టి మీడియంలో తడబడకుండా గెలిచేదాకా ఆడితే చాలు, ఆ పైన నేర్పేది తక్కువ. బాట్లతో ఎక్కువ కాలం ఆడితే వార్డ్‌లు (చుట్టుపక్కల ఏముందో చూపే కాపలా వస్తువులు), పొగ చాటున దాడులు, మ్యాప్‌లో కనిపించకుండా పోయిన శత్రువు అన్నవి ఉంటాయనే మర్చిపోతారు. మనుషుల్లోకి వచ్చాక మొదటి పది నిమిషాల్లోనే ఆ లోటు బయటపడుతుంది.

డెమో హీరో అనే గదికి మాత్రం పదికి తొమ్మిది. హీరో పేజీలోనే బటన్ ఉంటుంది. కావలసినంత గోల్డ్, కావలసిన లెవెల్, ఎదురుగా నిలబెట్టుకోవడానికి శత్రువు, స్పెల్స్‌కు కూల్‌డౌన్ (మళ్లీ వేసేదాకా ఆగాల్సిన సమయం) లేకుండా చేసే మీట, అన్నీ ఉన్నాయి. కొత్త హీరోను ఎంచుకున్నప్పుడు పది నిమిషాలు ఇందులో గడిపితే నాలుగు మ్యాచ్‌ల తడబాటు తప్పుతుంది. స్పెల్ ఎంత దూరం పోతుంది, గురి తప్పుతుందా, వేయడానికి ఎంతసేపు పడుతుంది అన్నవి ఇక్కడే చేతికి అలవాటవ్వాలి.

మనుషులతో ఆడేముందు సెట్టింగ్స్‌లో మూడు మార్పులు చేసుకోండి. మొదటిది, ఆటో అటాక్ ఆపేయండి. అది ఉంటే మీరు ఊరికే నిలబడ్డా హీరో క్రీప్స్‌ను బాదుతూనే ఉంటాడు, లేన్ ముందుకు జారిపోతుంది. రెండోది, క్విక్ కాస్ట్ పెట్టుకోండి, స్పెల్‌కు కీ ఒక్కటే చాలు, మళ్లీ క్లిక్ అక్కర్లేదు. గురి చూసి వేయాల్సిన స్పెల్స్‌కు కావాలంటే పాత పద్ధతే ఉంచుకోవచ్చు. మూడోది, మినీమ్యాప్ పెద్దది చేసుకోండి. అలాగే ఆల్ట్ నొక్కి పట్టుకుంటే టవర్ దెబ్బ ఎంత దూరం అందుతుందో, అడవి క్యాంపుల (అడవి మృగాలు పుట్టే చోట్ల) గీతలు ఎక్కడున్నాయో కనిపిస్తాయి. ఏళ్ల తరబడి ఆడేవాళ్లలో కూడా ఇది తెలియనివాళ్లున్నారు.

హీరోల ఎంపికలో ఆట మిమ్మల్ని 125 మంది ముందు నిలబెట్టి వదిలేస్తుంది. కష్టం ఎంతో చెప్పే గుర్తు ఒకటి పక్కన ఉంటుంది గానీ దాన్నే నమ్ముకోవద్దు. స్నైపర్‌ను తేలిక అంటారు. దూరం నుంచి కొట్టడం తేలికే, కానీ ఎవడైనా మీద పడితే తప్పించుకునే దారి లేదు, ఎక్కడ నిలబడాలో తెలియని కొత్తవాడికి అదే ఉరి. సపోర్టుగా లిచ్, ఓగర్ మాజై, జకీరో. ముఖ్యంగా ఓగర్ మాజైకి ప్రాణం, కవచం ఎక్కువ, తప్పు చేసినా వెంటనే చావడు. ఆఫ్‌లేన్‌కు టైడ్‌హంటర్. క్యారీగా రెయిత్ కింగ్, చచ్చినా ఒకసారి లేచొచ్చే శక్తి అతని అల్టిమేట్ (అన్నిటికన్నా పెద్ద స్పెల్). మిడ్‌లో వైపర్, డ్రాగన్ నైట్. మూడు ఎలిమెంట్లు కలిపి పది స్పెల్స్ తయారుచేసే ఇన్‌వోకర్, ఒకేసారి పలు శరీరాలను నడపాల్సిన మీపో, ఎర్త్ స్పిరిట్, చెన్, ఐఓ లాంటివాళ్లను మొదటి ఏడాది ముట్టుకోకపోయినా నష్టం లేదు. రెండు పొజిషన్లు, ఒక్కోదానికి మూడు హీరోలు చాలు. మిగతావాళ్లు ఏం చేస్తారో వాళ్ల చేతిలో చచ్చినప్పుడల్లా తెలుస్తుంది. చచ్చాక తెర మీద వచ్చే దెబ్బల పట్టిక చూడండి, ఏ స్పెల్ ఎంత తీసిందో అందులో ఉంటుంది.

ఇప్పుడు అసలు పని, లాస్ట్ హిట్. క్రీప్ ప్రాణం పోయే చివరి దెబ్బ మీదైతేనే గోల్డ్. ఆట మొదట్లో ముందువరుస క్రీప్ ప్రాణం 550, మీ దెబ్బ 50 అటూ ఇటూ. అంటే పదింట ఒక వంతు మిగిలాక కొట్టాలి. దూరం నుంచి కొట్టే హీరో అయితే బాణం చేరే సమయం కూడా కలిపి ఇంకాస్త ముందే. ప్రైవేట్ లాబీ పెట్టుకుని ఒంటరిగా, వస్తువులేవీ కొనకుండా సాధన చేయండి. వేవ్‌కు (ఒక్కో గుంపుకు) నాలుగు క్రీప్స్ చొప్పున 10 నిమిషాలకు 80 పైచిలుకు దొరుకుతాయి. అందులో 50 చేతికి అందుతుంటే మ్యాచ్‌లోకి వెళ్లొచ్చు. శత్రువు ఎదురుగా ఉంటే ఆ సంఖ్య సగానికి పడిపోతుంది, కంగారు పడక్కర్లేదు.

మీ క్రీప్ ప్రాణం సగం కంటే తగ్గితే దాన్ని మీరే చంపేయొచ్చు, దాన్నే డినై అంటారు. అవతలివాడికి గోల్డ్ రాదు, అనుభవమూ (లెవెల్ పెంచే పాయింట్లు) తగ్గుతుంది. ఇంకో మెళకువ: శత్రు హీరో మీద రైట్ క్లిక్ చేసి వెంటనే వెనక్కి జరిగితే దగ్గర్లోని శత్రు క్రీప్స్ మీ వెంట పడతాయి. అలా వాటిని మీ టవర్ వైపు లాక్కొచ్చి లేన్‌ను మీ దగ్గర నిలుపుకోవచ్చు. తెలియనివాడికి ఇదే శాపం. శత్రువును ఊరికే గిల్లుతూ ఉంటే క్రీప్స్ అన్నీ తనను పొడుస్తుంటాయి, ప్రాణం ఎందుకు కరిగిపోతోందో అర్థం కాదు. టవర్ కింద అయితే టవర్ కూడా మిమ్మల్నే ఎంచుకుంటుంది. అప్పుడు పరుగెత్తకుండా ‘A’ కీ నొక్కి మీ సొంత క్రీప్ మీద క్లిక్ చేయండి, టవర్ గురి మీ మీద నుంచి మళ్లుతుంది.

సపోర్టు పనికి గడియారం చూడటం రావాలి. ప్రతి నిమిషం 53-55 సెకన్ల మధ్య అడవి క్యాంపును ఒక దెబ్బ కొట్టి బయటికి లాగితే, నిమిషం మారేసరికి క్యాంపు ఖాళీగా కనిపించి కొత్త గుంపు పుడుతుంది. పాతదీ కొత్తదీ కలిసి రెట్టింపు. దీనిపేరు స్టాక్. గీత లోపల ఎవరైనా నిలబడి ఉన్నా, శత్రువు వార్డ్ పెట్టినా గుంపు పుట్టదు. రూన్లు అంటే తీసుకున్నవాడికి మేలు చేసేవి: నీటి రూన్లు 2, 4 నిమిషాలకు, శక్తి రూన్లు 6వ నిమిషం నుంచి ప్రతి రెండు నిమిషాలకూ నదిలో వస్తాయి. మిడ్ ఆటగాడికి ఆ సమయాల్లో నది దగ్గర తోడు నిలబడటం మంచి సపోర్టు లక్షణం. అబ్జర్వర్ వార్డ్ ఉచితం, 6 నిమిషాలు ఉంటుంది. అందరూ పెట్టే ఎత్తు రాయి మీదే ప్రతిసారీ పెడితే అవతలి సపోర్టు 50 గోల్డ్ సెంట్రీతో (కనిపించనివాటిని బయటపెట్టే వార్డ్) తీసేసి పైపెచ్చు గోల్డ్ సంపాదించుకుంటాడు. మీ జట్టు వచ్చే మూడు నిమిషాల్లో ఎటు వెళ్లబోతోందో అటు పెట్టండి. ఓడిపోతున్నప్పుడు శత్రువు అడవిలో పెట్టి వచ్చేలోగా చావడం కన్నా, మీ క్యారీ ఆడుకునే చోటుకు వచ్చే దారుల్లో పెట్టడం నయం.

మీ టవర్ దగ్గరికి క్షణాల్లో చేర్చే టెలిపోర్ట్ స్క్రోల్ 100 గోల్డ్. అది లేకుండా తిరగడం కొత్తవాళ్ల ఆటలో అన్నిటికన్నా ఖరీదైన తప్పు. పక్క లేన్‌లో టవర్ పడిపోతుంటే నడిచి వెళ్లేసరికి అంతా అయిపోతుంది. పెద్ద వస్తువుకు గోల్డ్ కూడబెడుతూ స్క్రోల్ కొనకపోవడం పిసినారితనమే అవుతుంది.

గోల్డ్ కన్నా ఎక్కువ గందరగోళం పెట్టేవి అడ్డంకుల పేర్లు. స్టన్ పడితే ఏమీ చేయలేరు. రూట్ పడితే కదలలేరు, బ్లింక్ (ఒక్క గెంతులో చోటు మారడం) కూడా పనిచేయదు, కానీ మిగతా స్పెల్స్ వేయొచ్చు. సైలెన్స్ పడితే స్పెల్స్ పోతాయి, వస్తువులు వాడొచ్చు. డిసార్మ్ అంటే కొట్టలేరు, అంతే. హెక్స్ అంటే పశువుగా మారి నెమ్మదిగా నడవడమే. బ్రేక్ పడితే దానంతటదే పనిచేసే పాసివ్ శక్తులు ఆగిపోతాయి. ఈ ఆరూ తేడా తెలియకపోతే ఏ వస్తువు ఎందుకు కొనాలో తెలియదు. ఎదుటి జట్టులో ఎక్కువ స్టన్‌లు ఉంటే క్యారీకి బ్లాక్ కింగ్ బార్ కావాలి. అది కొద్ది సెకన్లే కాపాడుతుంది, వాడేకొద్దీ ఆ సమయం తగ్గుతుంది కూడా. కనక పోరు మొదలయ్యాక, దెబ్బ పడకముందే నొక్కాలి.

ఆటలోనే ఉండే హీరో గైడ్స్‌కు పదికి ఎనిమిది. టోర్టె డె లీని పేరుతో ఉన్నవి ఏళ్లుగా చాలామందికి ఆసరా. అంగడి తెరవగానే ఏది కొనాలో, లెవెల్ పెరిగినప్పుడు ఏది ఎంచుకోవాలో చూపిస్తాయి. లోపం ఒకటే: ఎదుటి జట్టు ఎవరో గైడ్‌కు తెలియదు. అదృశ్యమయ్యే హీరో ఎదురుగా ఉంటే వాడిని బయటపెట్టే డస్ట్, సెంట్రీలు కొనాలన్న బుద్ధి మీకే పుట్టాలి. యూట్యూబ్ వీడియోల విషయంలో తేదీ చూడండి. 2023 ఏప్రిల్‌లో వచ్చిన 7.33 ప్యాచ్‌తో (ఆటలో మార్పుల విడత) మ్యాప్ దాదాపు 40 శాతం పెరిగింది, రోషన్ అనే పెద్ద రాక్షసుడి గుహలు రెండయ్యాయి. అంతకుముందు వీడియోల్లోని వార్డ్ చోట్లు, క్యాంపుల దారులు ఇప్పుడు పనికిరావు. లాస్ట్ హిట్, క్రీప్స్‌ను లాగడం లాంటి మూలసూత్రాలు మాత్రం అప్పటివైనా చెల్లుతాయి.

రోషన్ అంటే గుర్తొచ్చింది. పోరు గెలిచాక ఏం చేయాలో తెలియక ఐదుగురూ అడవిలో చెదిరిపోవడం తక్కువ ర్యాంకుల్లో నిత్యం కనిపించే దృశ్యం. శత్రువులు ముగ్గురు చచ్చి ఉంటే మీ ముందు ఉన్నవి టవర్, బ్యారక్స్ (క్రీప్స్ శిబిరాలు), రోషన్, ఈ మూడే. రోషన్‌ను చంపితే దొరికే ఏజిస్ 5 నిమిషాలు ఉంటుంది, మోసేవాడికి ఇంకో ప్రాణం. రోషన్ మళ్లీ పుట్టేది 8-11 నిమిషాల మధ్య ఎప్పుడైనా. చచ్చిన సమయాన్ని చాట్‌లో రాసిపెట్టుకునే జట్టుకు అక్కడే ఒక మెట్టు ఆధిక్యం. ఏజిస్ చేతిలో పెట్టుకుని మళ్లీ అడవిలో పది నిమిషాలు తిరిగితే దాన్ని తీసుకోకపోయినా ఒకటే.

బాట్ల తర్వాత నేరుగా మామూలు మ్యాచ్‌కు పోకుండా టర్బో ఆడమనేది మా సలహా. గోల్డ్, అనుభవం వేగంగా వస్తాయి, టవర్లు త్వరగా పడతాయి, మ్యాచ్ అరగంటలోపు ముగుస్తుంది. హీరోల శక్తులు, వస్తువుల కలయికలు తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచిది లేదు. లేనింగ్ (ఆట మొదట్లో లేన్‌లో నిలదొక్కుకోవడం) మాత్రం ఇందులో రాదు, పొదుపు అసలే రాదు. టర్బోకే అలవాటుపడినవాళ్లు మామూలు ఆటలో 12వ నిమిషానికి చేతిలో ఏమీ లేదని తెల్లబోతారు. అందుకని రెండు టర్బోలకు ఒక ఆల్ పిక్ (మామూలు మ్యాచ్) చొప్పున కలిపి ఆడండి.

చూసి నేర్చుకోవడానికి డోటా టీవీ ఉంది, దీనికి పదికి పది ఇవ్వొచ్చు. రీప్లే తెరిచి ఏ ఆటగాడినైనా ఎంచుకుంటే అతని కెమెరా, అతని క్లిక్కులు అతను చూసినట్టే చూడొచ్చు. 4 కోట్ల డాలర్లు దాటిన బహుమతి నిధితో 2021లో జరిగిన ఇంటర్నేషనల్ లాంటి పెద్ద పోటీల ఫైనల్స్ వినోదానికి బాగుంటాయి, కొత్తవాడికి పాఠంగా తక్కువ పనికొస్తాయి. మీ హీరోనే, మీ పొజిషన్‌లోనే ఆడిన మంచి ఆటగాడి మొదటి పది నిమిషాలు చూడండి, ఎప్పుడు ముందుకెళ్లాడు, ఎప్పుడు తగ్గాడు అన్నదే గమనిస్తూ. మీ సొంత మ్యాచ్‌ల లెక్కలు ఓపెన్‌డోటా లాంటి సైట్లలో కనిపించాలంటే సెట్టింగ్స్‌లో మ్యాచ్ వివరాలు బహిరంగంగా ఉంచే గడి టిక్ చేయాలి. మొదట ఈ గడి గురించి ఎవరూ చెప్పరు.

జనం సంగతి దాచడానికి లేదు. తిట్లు ఉంటాయి, తక్కువ ర్యాంకుల్లోనూ ఎక్కువ ర్యాంకుల్లోనూ. వాల్వ్ పెట్టిన బిహేవియర్ స్కోర్ 12,000 వరకు ఉంటుంది. అది తగ్గేకొద్దీ మీకు దొరికే జట్టు కూడా అలాంటిదే. మొదటి తిట్టుకే మ్యూట్ చేసి ఆట చూసుకోండి. జవాబిచ్చే పది సెకన్లలో రెండు లాస్ట్ హిట్‌లు పోతాయి. మన దేశంలో ఆడేవాళ్లు తక్కువైనా మరీ తేలిగ్గా తీసుకోవాల్సిన జట్టు కాదు మనది. 2022లో బర్మింగ్‌హామ్‌లో జరిగిన కామన్వెల్త్ ఈస్పోర్ట్స్ చాంపియన్‌షిప్‌లో భారత డోటా జట్టు కాంస్యం తెచ్చింది.

డోటా ప్లస్ తీసుకోవాలా? మొదటి మూడు నెలలు వద్దు. వస్తువుల సూచనలు, మ్యాచ్ తర్వాతి గ్రాఫులు బాగుంటాయి గానీ వాటిని చదివి అర్థం చేసుకునే స్థాయికి రావాలి ముందు. అప్పటిదాకా ఉచిత గైడ్లు చాలు.

ర్యాంక్ మ్యాచ్‌లకు 100 గంటల ఆట, ఒక ఫోన్ నంబర్ కావాలి. 100 గంటలు నిండగానే దూకే తొందర చాలామందికి ఉంటుంది. హెరాల్డ్ నుంచి ఇమ్మోర్టల్ దాకా ఎనిమిది పతకాలు ఉన్నాయి, ఎక్కడ మొదలైనా అడ్డేమీ లేదు. కానీ ఎంచుకున్న ఆరు హీరోల్లో ఎవరొచ్చినా స్పెల్స్ చూసుకోకుండా వేయగలగాలి, స్క్రోల్ ఎప్పుడూ దగ్గరుండాలి, మినీమ్యాప్ మీదికి ఐదారు సెకన్లకొకసారి కన్ను పోవాలి. ఈ మూడింట్లో ఒకటి లోపించినా ఇంకో నెల మామూలు ఆల్ పిక్‌లోనే ఉండండి.